ఐదు ముక్కల లెక్కతో విమానం ఎగరదు

సంపాదకులకు,

విమానాలకు, విద్యుత్ వాహనాలకు, హైడ్రోజన్ ట్యాంకులకు తేలికైన పదార్థాలు కావాలని అందరూ అంటారు. వాటిపై పనిచేసే యువ అధ్యాపకుల ప్రమోషన్లు మాత్రం ఏటా ఎన్ని పేపర్లు అచ్చయ్యాయన్న దానిమీదే చాలావరకు ఆధారపడుతున్నాయి. ఈ రంగానికి ఆ కొలమానం పొసగదు.

కార్బన్ పోగులను రెజిన్ అనే జిగురుతో కలిపి చేసే కార్బన్ ఫైబర్ కాంపోజిట్‌కు ఫెటీగ్ పరీక్ష (పదేపదే లోడ్ పడితే ఎంతకాలం తట్టుకుంటుందో చూసేది) చేస్తే ఒక్కో ముక్కపై కోటిసార్ల వరకు లోడ్ వేసి తీయాల్సి రావచ్చు. సెకనుకు 5 సార్ల చొప్పున అది 23 రోజుల పని. యంత్రం వేగం పెంచితే పోలేదా అంటే, రెజిన్ లోలోపల వేడెక్కి ఫలితమే చెడుతుంది. తేమ పరీక్ష ఇంకా మొండిది. 70 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో ముక్క బరువు పెరగడం ఆగేదాకా వారాలు, ఒక్కోసారి నెలలు కాచుకోవాలి. మందం రెట్టింపైతే గడువు నాలుగింతలు.

అంత ఓపిక పడితే పేపర్ల వరుసలో వెనకబడతారు. అందుకే దగ్గరి దారి: రెజిన్‌లో చిటికెడు గ్రాఫీన్ (అతి పలుచని కార్బన్ రేకుల పొడి) కలపడం, ఒకే పలక చేసి ఐదు ముక్కలు కోయడం, లాగి తెంపి ‘బలం పెరిగింది’ అని రాసేయడం. సాగుబలం పరీక్షకు ప్రామాణిక పద్ధతి అడిగే కనీస సంఖ్య ఐదే కాబట్టి సమీక్షకులూ అడ్డుచెప్పరు. విమాన డిజైన్‌లో వాడే బీ-బేసిస్ విలువ వేరు. నూటికి 90 ముక్కలు ఆ బలాన్ని దాటుతాయని 95 శాతం నమ్మకంతో చెప్పగలగాలి. దానికి కుదించిన పద్ధతిలోనే మూడు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు రెండు పలకలు, పలకకు మూడు ముక్కలు, మొత్తం 18 కావాలి.

ప్రీప్రెగ్‌ను, అంటే రెజిన్ ముందే పట్టించిన ఫైబర్ పొరను, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ నుంచి తీసి, గది వేడికి రాకముందే సంచి విప్పారనుకోండి. దానిపై చెమ్మ పడుతుంది. వేడి, ఒత్తిడితో పలకను గట్టిపరిచే ఆటోక్లేవ్‌లో ఆ చెమ్మ ఆవిరై పొరల మధ్య బుడగలుగా మిగులుతుంది. పొరలు పరిచేటప్పుడు ఫైబర్ ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా బలం బాగా పడిపోతుంది. ఒకే పలకపై ఆధారపడిన పేపర్లో గ్రాఫీన్ తెచ్చిన లాభమెంతో, పలక బాగా కుదరడం వల్ల వచ్చిందెంతో ఎవరు చెప్పగలరు?

కాబట్టి ప్రమోషన్ కమిటీలు బ్యాచ్ వివరాలు, ఫైబర్ శాతం, బుడగల శాతం, ఫ్రీజర్ లాగ్, ప్రతి ముక్కా ఎక్కడ ఎలా తెగిందీ అడగాలి. ముడి డేటాతో సహా పూర్తి ఫెటీగ్ డేటాసెట్ ఇచ్చినవారికి కనీసం మూడు పేపర్ల విలువ కట్టాలి. రీసైకిల్ చేసిన ఫైబర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. పైరోలిసిస్ (గాలి తగలకుండా వేడిచేసి రెజిన్‌ను విడగొట్టడం) తర్వాత ఫైబర్‌పై మిగిలిన మసిని కాల్చేటప్పుడు వేడి ఎక్కువైతే ఫైబర్ దెబ్బతింటుంది, తక్కువైతే మసి మిగిలి రెజిన్ సరిగా అంటుకోదు.

నిధులిచ్చే సంస్థలకూ ఒక మాట. ఆటోక్లేవ్ నడిపే టెక్నీషియన్ జీతాన్ని ప్రాజెక్టు గడువుకు ముడిపెట్టకండి. ఆ మనిషి వెళ్లిపోతే తర్వాతి బ్యాచ్ పలకలను పాతవాటితో పోల్చడానికే వీలుండదు.

— కాంపోజిట్ పదార్థాల పరిశోధకులు