హీరో వచ్చేదాకా పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టొద్దు

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

అనాథ పిల్లల కోసం శని, ఆదివారాల్లో సినిమావాళ్లు, క్రికెటర్లు వచ్చే కార్యక్రమాలు జరుగుతుంటాయి. వాళ్లు రావాలండీ. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు సినీ పరిశ్రమంతా ‘మేము సైతం’ అని నిలబడి విరాళాలు పోగుచేసింది. పేరున్న మనిషి ఒక్క మాట చెబితే జనం జేబులో చెయ్యి పెడతారు.

కానీ ఓ కార్యక్రమంలో వాలంటీరుగా నేను చూసింది చెప్తాను. ఉదయం పదింటికి వస్తానన్న అతిథి మధ్యాహ్నం రెండింటికి వచ్చారు. అప్పటిదాకా పిల్లలు షామియానా చివర, ఎండ పడే చోటే ఉన్నారు. ఏడేళ్ల పాప చేతిలో బంతిపూల దండ వాడిపోయింది. ‘కింద పెట్టేయమ్మా’ అంటే ‘సార్ తిడతారండీ’ అని ఇంకా గట్టిగా పట్టుకుంది. చివరికి ఆ పాపనే స్టేజీ ఎక్కించి, అమ్మానాన్న లేరని మైకులో చెప్పి ఫొటోలు తీశారు. తల దించుకున్న ఆ మొహం నాకింకా కళ్లముందే ఉంది.

2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల పేరు, ఫొటో మీడియాలో రాకూడదు. ఈ కార్యక్రమాలకు మీరిచ్చే అనుమతి కాగితంలోనే ఈ షరతు రాయించండి. వచ్చిన డబ్బెంత, పిల్లలకు చేరిందెంత అన్న లెక్క కూడా అందరికీ కనబడేలా పెట్టించండి.

ఇంకో మాట. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చారు. అలాంటివాళ్లు పిల్లల మధ్య కూర్చుని ఓ పూట కబుర్లు చెబితే చాలు, స్టేజీ కూడా అక్కర్లేదు.

ఈసారి అనుమతి ఇచ్చేముందు మా వాలంటీర్లను ఒక్కసారి పిలిపించి మాట్లాడండి.

ఇట్లు,
శ్రీకాకుళం వాలంటీరు ఒకరు