ఆ 1,500 ఎవరి రక్తం చూసి పెట్టిన అంకె?

ట్రయల్ నిర్వహణ విభాగాధిపతి గారికి,
హైదరాబాద్ కార్యాలయం.

ఆర్యా,

అట్లాంటాలోని ఒక ఆసుపత్రిలో మీ ప్రోస్టేట్ క్యాన్సర్ ట్రయల్‌కు నేను కోఆర్డినేటర్‌ని. మా సందేహాలకు జవాబులు మీ కార్యాలయం నుంచే వస్తాయి కనుక తెలుగులోనే రాస్తున్నాను.

పోయిన నెల 66 ఏళ్ల నల్లజాతి పెద్దాయన ఒకరిని మీరు తిప్పి పంపారు. ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు, అంటే న్యూట్రోఫిల్స్, మైక్రోలీటరుకు 1,320 ఉన్నాయి, 1,500 ఉండాలన్నారు. వారం తర్వాత మళ్లీ రక్తం తీస్తే 1,350. ఆయన పాత రిపోర్టులన్నింటిలోనూ అంతే. జ్వరమని, ఇన్ఫెక్షనని ఆయన ఏనాడూ మంచం పట్టలేదు.

కారణం రహస్యమేమీ కాదు. అమెరికా నల్లజాతీయుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఎర్రకణాలపై డఫీ ప్రోటీన్ ఉండదు. అది లేకపోవడం వైవాక్స్ అనే రకం మలేరియా నుంచి కాపాడుతుంది. అలాంటివారి రక్తంలో న్యూట్రోఫిల్స్ తక్కువగానే తిరుగుతాయి. అది జబ్బు కాదు, వారి మామూలు స్థాయే. బ్లడ్ బ్యాంకులో ఒక్క పరీక్షతో తేలిపోతుంది. ఆ రిపోర్టు కూడా జత చేశాను. మీ జవాబు ఒక్క వాక్యం: ‘నిబంధన ప్రకారం అనర్హుడు’. ఆ వెంటనే నా ఫిర్యాదు పక్కన ‘పరిష్కారమైంది’ అని కనిపించింది. ఎవరికి పరిష్కారమైందో!

తెల్లకణాలను తగ్గించే కీమో అయితే ఆ హద్దును కొంత అర్థం చేసుకోగలను. మీది హార్మోను మాత్ర. ఏదో పాత కీమో ట్రయల్ నిబంధనల పత్రం (ప్రోటోకాల్) నుంచి ఆ అంకెను ఎత్తిరాశారేమోనని నా అనుమానం.

ఇక్కడ ఈ క్యాన్సర్‌తో నల్లజాతి పురుషులు తెల్లవారికంటే రెట్టింపు రేటున చనిపోతున్నారు. వారు ట్రయల్స్‌కు ముందుకు రావడం లేదని మీ సమావేశాల్లో ప్రతిసారీ వింటున్నాను. ఈయన వచ్చారు. పక్క రాష్ట్రం అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా పరిశోధన పేరుతో నల్లజాతి సిఫిలిస్ రోగులకు వైద్యం అందకుండా చేసిన సంగతి ఆయనకు నేను చెప్పనక్కర్లేదు, ఆయనే నాకు చెప్పారు. అయినా నాలుగు నెలలు ఆలోచించి సంతకం పెట్టారు. ‘నా రక్తం మీకు పనికి రాదన్నమాట’ అని నవ్వి వెళ్లిపోయారు.

ఒక్కరికోసం మినహాయింపు అడగడం లేదు. డఫీ ప్రోటీన్ లేనివారికి హద్దు 1,000కి తగ్గిస్తూ ప్రోటోకాల్‌ను సవరించండి. ఆ అంకె కారణంగా ఇప్పటిదాకా ఎందరిని, ఏ జాతివారిని తిప్పి పంపారో లెక్క ఇవ్వండి.

వచ్చే నెల 12న ఆయన మామూలు ఇంజెక్షన్ కోసం వస్తారు. ఆలోగా డాక్టరు సంతకంతో జవాబు పంపండి.

ఇట్లు,
ట్రయల్ కోఆర్డినేటర్