పగిలిన మొద్దుల సంగతి

అందరికీ నమస్కారం. ఎండాకాలంలో మా పర్లాకిమిడి కొట్లో కూరలు తరిగే చింత మొద్దులు కొన్నవాళ్లలో 11 మంది ఇప్పటిదాకా ఫోన్ చేశారు, మొద్దు పగిలిందని. పాతపట్నం పిన్నిగారు ఫోటో కూడా పంపారు. నడిమి చేవ దగ్గర మొదలై అంచు దాకా చీలిక, ఆ సందులో ఇరుక్కున్న ఉల్లిపొట్టు. "నేనేమైనా తప్పుగా వాడానా బాబూ?" అని అడిగారు. లేదు పిన్నీ, తప్పు నాదే.

నేను కొన్నది పచ్చి చెట్టు. పలకలకైతే అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్నది మా నాన్న లెక్క. నేను 6 అంగుళాల మొద్దుల్ని 4 నెలలకే అమ్మేశాను. పెళ్లిళ్ల సీజన్, ఆర్డర్ల మీద ఆర్డర్లు. ఆశపడ్డాను.

చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. చేవ నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికంటే వలయాల వెంబడి దాదాపు రెండింతలు ముడుచుకుంటుంది. అందుకే గుండ్రటి మొద్దు ఎక్కడో ఒకచోట విచ్చుకుంటుంది. అదే చెట్టువి మూడు మొద్దులు మటన్ కొట్లకు ఇచ్చాను, వాటికి గీత కూడా పడలేదు! అక్కడ రోజూ కడుగుతారు, రాత్రి కత్తితో గీకి ఉప్పు చల్లి తడి గోనె కప్పుతారు. మీ వంటింట్లో పాపం స్టవ్ పక్కన, ఫ్యాన్ కింద ఎండిపోతుంది.

పగిలినవి తెచ్చేయండి. డబ్బులు అడిగితే అప్పుడే ఇచ్చేస్తాను. మారుగా కొత్తది కావాలంటే సంక్రాంతి దాటాలి. ఇకమీదట ఇళ్లకు గుండ్రటి మొద్దు అమ్మను. బాగా ఆరిన ముక్కల్ని నిలబెట్టి, కోసిన తలలు పైకి వచ్చేలా జిగురుతో అతికించిన పీటే ఇస్తాను. దానిమీద కత్తి పోగుల మధ్యకి దిగుతుంది, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. పని ఎక్కువ కాబట్టి ధరా పెరుగుతుంది. పీటకి వంటనూనె మాత్రం రాయకండి, కొన్నాళ్లకి కంపు కొడుతుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ చాలు.

నా కత్తులు తుప్పు పడుతున్నాయనే మాట విషయంలో మాత్రం నేను తగ్గను. అది లారీ కమాన్ పట్టీ (స్ప్రింగు) ఉక్కు, స్టెయిన్‌లెస్ కాదని అమ్మేటప్పుడే చెప్పాను. నిమ్మకాయ కోసి సింకులో వదిలేస్తే నల్లబడుతుంది, తుప్పు పడుతుంది. కడిగి తుడవండి, అంతే.

మొన్న గుణుపురం నుంచి ఒక వడ్రంగి అన్న ఉలి తెచ్చి "నీ ఉక్కు మైనం తమ్ముడూ" అన్నాడు. చూస్తే అంచంతా నీలం తిరిగి ఉంది. గ్రైండర్ మీద నీళ్లలో ముంచకుండా పడితే ఉక్కు వేడెక్కి గట్టితనం పోతుంది. ఆ నీలం పోయేదాకా అరగదీసి, సానరాయి మీద పట్టి ఇచ్చాను. టీ తాగి వెళ్లాడు, కోపం తగ్గిందో లేదో తెలీదు.

మొద్దు తెచ్చేవాళ్లకి బిల్లు లేకపోయినా టెన్షన్ వద్దు. నేను కోసిన మొద్దు నేను గుర్తుపడతాను. ఆదివారం మాత్రం రాకండి, కొట్టు మూత.