గీజర్ బిగించే ముందు ఇది చదువు

చిరంజీవికి,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

కొత్త ఇంట్లో గ్యాస్ గీజర్ పెట్టించుకుంటున్నామనీ, వంటింటి వెనక గదిలో అయితే పైపు పొడవు పెరుగుతుంది కాబట్టి స్నానాలగదిలోనే బిగించేద్దామని మెకానిక్ అన్నాడనీ నిన్న ఫోనులో చెప్పావు. నేను "వద్దు" అని ఒక్క మాట అని ఊరుకున్నాను. ఎందుకు వద్దో చెప్పబోతే గొంతు పూడుకుపోయింది, అందుకే రాస్తున్నాను. కోడలిని కూడా చదవమను, ఎందుకంటే రేపు ఆ గీజర్ వెలిగించేది నువ్వొక్కడివే కాదు.

నీకు నాలుగేళ్లప్పుడు మన స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ఉండేది. దానికి పొగగొట్టం కూడా ఉంది, రెండేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. గోడలకు చెమ్మ పడుతోందని మేము తరువాత ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాము. ఆ చలికాలమంతా, తలుపులు మూసుకుని నీకు స్నానం చేయించిన రోజుల్లో నాకు తల దిమ్మెక్కేది, కాళ్లు బరువెక్కేవి. బయటికి వచ్చి అరగంట కూర్చుంటే తగ్గిపోయేది. నిద్ర చాలడం లేదనుకున్నాను. ఒక ఉదయం నిన్ను తువ్వాలులో చుట్టి ఎత్తుకుంటే నీ తల నా భుజం మీద నిలవకుండా వెనక్కి వాలిపోయింది. తలుపు తోసుకుని వాకిట్లోకి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. గాలి తగిలాక కళ్లు తెరిచావు, వాంతి చేసుకున్నావు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండి ఇంటికి పంపారు. నీకిది జ్ఞాపకం ఉండదు, ఇన్నేళ్లూ నేనూ చెప్పలేదు.

మరునాడు ఒక అనుభవజ్ఞుడైన మెకానిక్ వచ్చి చూశాడు. గీజర్ పైన పొగగొట్టం మొదలయ్యేచోట టోపీలాంటి రేకు ఉంటుంది, దాని అంచు కింద కొంత ఖాళీ ఉంటుంది. ఆయన గీజర్ వెలిగించి, ఒక అగ్గిపుల్లను గీసి ఆర్పి, ఆ ఖాళీ దగ్గర పట్టుకున్నాడు. పొగ సన్నని దారంలా లోపలికి వెళ్లిపోయింది. తరువాత తలుపు మూసి, ఫ్యాన్ వేసి, ఇంకో పుల్ల ఆర్పి అక్కడే పెట్టాడు. ఈసారి పొగ ఒక్క క్షణం అక్కడే ఆగి, వెనక్కి తిరిగి మా ముఖాల మీదికి వచ్చింది. గీజర్‌లో ఏ లోపమూ లేదు, గొట్టంలోనూ లేదు. ఫ్యాన్ గదిలోని గాలిని బయటికి తోడేస్తుంటే, పోయిన గాలిని భర్తీ చేయడానికి వేరే దారి లేక బయటి గాలి పొగగొట్టంలోంచే కిందికి దిగింది, దానితోపాటు పొగా దిగింది. గీజర్ పెట్టెను ఒకరు, ఫ్యాన్‌ను ఇంకొకరు బిగించారు. రెండూ కలిసి ఏమి చేస్తాయో ఎవరూ చూడలేదు.

గ్యాస్ లీకయితే వాసన వస్తుంది, ఎందుకంటే మనం గుర్తుపట్టాలనే అందులో ఘాటైన వాసన పదార్థం కలుపుతారు. సరిగా కాలని గ్యాస్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దానిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, ఊపిరి ఆడుతూనే ఉన్నా ఒంటికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వికారం, నీరసం, మతి తడబడటం అన్నీ మామూలు జ్వరం ముందు లక్షణాల్లాగే ఉంటాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చినా, బయటికి వెళితే తగ్గి లోపలికి వస్తే మొదలైనా జ్వరమనుకోవద్దు. గీజర్ కట్టేసి, అందరూ బయటికి వచ్చి, వెంటనే వైద్యుడికి చూపించుకోండి.

స్నానాలగది ఎందుకు పనికిరాదో లెక్క వేసి చూడు. సిలిండర్‌లో ఎక్కువగా ఉండే ప్రొపేన్, బ్యూటేన్‌లలో ప్రొపేన్‌నే తీసుకుంటే, ఒక లీటరు వాయువు పూర్తిగా కాలడానికి దాదాపు 24 లీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్ల వేడినీళ్లిచ్చే గీజర్ మంట, వంటపొయ్యి బర్నర్లు నాలుగైదు ఒక్కసారి వెలిగించినంత ఉంటుంది. అది గంటసేపు మండితే ఒక చిన్న స్నానాలగదిలో పట్టే గాలికంటే ఎక్కువ గాలినే వాడుకుంటుంది. గాలి అంతా అయిపోయాకే విషం పుడుతుందనుకోవద్దు. ఆక్సిజన్ కాస్త తగ్గగానే పుట్టడం మొదలవుతుంది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన తయారుచేసిన తొలి గీజర్‌కు పొగగొట్టమే లేదు. ఇప్పటికీ పొగగొట్టం లేని చిన్న పెట్టెలు అమ్ముతున్నారు, వాటిని మూసిన గదిలో పెట్టేవారూ ఉన్నారు. ఆ తలుపు గడియ లోపలినుంచి వేసి ఉంటుందన్న సంగతి తలచుకుంటేనే నాకు భయం వేస్తుంది.

కాబట్టి వెనక గదిలోనే పెట్టించు. పైపు పొడవైతే వేడినీళ్లు రావడం కొన్ని క్షణాలు ఆలస్యమవుతుంది, అంతే. బయటి గాలినే తీసుకుని పొగను బయటికే పంపే, మంట మండే భాగం గదిలోకి తెరుచుకోని రకం దొరికితే అదే కొను, ఖరీదు ఎక్కువైనా సరే. మామూలు రకమైతే పొగగొట్టం ఎక్కడా కిందికి వంగకుండా పైకే సాగి, ఆరుబయట, కిటికీలకు దూరంగా తెరుచుకోవాలి. అటకలోకో, ఇంకో గదిలోకో, లిఫ్ట్ సందులోకో వదలకూడదు. చివర పక్షులు గూడు కట్టకుండా, గాలి ఆడేలా తయారుచేసిన మూత ఉండాలి. గోడకు చేయించే గాలి రంధ్రాల్లో చలివేస్తోందని ఎవరూ గుడ్డలు కుక్కకూడదు.

నువ్వు వాడేది సిలిండర్ గ్యాసో, పైపు గ్యాసో గీజర్ మీది రేకుపై రాసినదానితో సరిపోవాలి. రెండింటికీ బర్నర్ జెట్ రంధ్రాలు వేరు, ఒత్తిడి వేరు. ఒకదానికి చేసినది రెండోదానికి తగిలిస్తే మంట చెడుతుంది. గీజర్‌కు గ్యాస్ తెచ్చే గొట్టం గ్యాస్ కోసమే తయారైనదై, దానిమీద ముద్రించిన గడువు దాటకుండా ఉండాలి, గోడలో దాచకూడదు. బిగించాక ప్రతి అతుకు మీదా సబ్బునురుగు రాసి, గ్యాస్ తెరిచి బుడగ పొంగుతుందేమో నీ కళ్లతో చూడు. అగ్గిపుల్ల గీసి లీకు వెతికేవాడిని ఆ నిమిషమే ఇంట్లోంచి పంపేయి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువైనది, నేల మీద పేరుకుంటుంది కాబట్టి ఆ గదిలో కింద కూడా రంధ్రం ఉండాలి. పైపు గ్యాస్ తేలికైనది, పైకి పోతుంది. ఎప్పుడైనా వాసన వస్తే స్విచ్ వేయవద్దు, వేసి ఉన్నది తీయవద్దు. కిటికీలు తెరిచి, అందితే వాల్వ్ కట్టేసి, బయటికి వచ్చాకే ఫోను చెయ్యి.

రోజూ వాడేటప్పుడు మంట రంగు చూడటం అలవాటు చేసుకో. నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు నాలుకలు లేచినా, పెట్టె పైన మసి కనిపించినా ఆ రోజు స్నానం చన్నీళ్లతో చేయండి, మెకానిక్ వచ్చేదాకా వెలిగించవద్దు. టకటకమని కొడుతూ అంటుకోకపోతే కుళాయి కట్టేసి, గ్యాస్ మూసి, గాలి ఆడనిచ్చి, బ్యాటరీలు మార్చి చూడు. పదే పదే ప్రయత్నిస్తే పోగైన గ్యాస్ ఒక్కసారిగా భగ్గుమంటుంది. పసివాడికి నీళ్లు బకెట్‌లో పట్టి, కలిపి, నీ మోచేయి పెట్టి చూశాకే పోయి. 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాలుస్తాయి, 49 డిగ్రీల దగ్గర అదే కాలడానికి నిమిషాలు పడుతుంది. ఏడాదికొకసారి బర్నర్, పొగగొట్టం శుభ్రం చేయించు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పడకగది దగ్గర పెట్టు, దాని గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకో. అలారం ఉంది కదా అని గాలి రంధ్రం మానవద్దు.

మామూలు రకమే బిగిస్తే, మెకానిక్ వెళ్లకముందే గ్యాస్ వాసన ఏమీ లేదని చూసుకుని, ఇంటి తలుపులూ కిటికీలూ అన్నీ మూసి, స్నానాలగది ఫ్యాన్, వంటింటి చిమ్నీ రెండూ వేసి, గీజర్ అయిదు నిమిషాలు మండనిచ్చి, ఆర్పిన అగ్గిపుల్లను ఆ టోపీలాంటి రేకు అంచు దగ్గర పట్టుకో. పొగ ఎటు వెళ్లిందో ఆ రాత్రే నాకు ఫోను చేసి చెప్పు. నీ వైపు తిరిగితే గీజర్ కట్టేసి, అతనిని కదలనివ్వకు.

ఇట్లు,
మీ అమ్మ