ప్రశ్నల పెట్టెలో దొరికిన చీటీలు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెలలో తొమ్మిదో తరగతి వరండాలో తాళం వేసిన అట్టపెట్టె ఒకటి పెట్టాం. పేరు రాయనక్కర్లేదు, అడగాలనుకున్నది చీటీ మీద రాసి వేస్తే చాలన్నాం. వారం తిరక్కుండానే నిండింది. "దోమ కుడితే ఎయిడ్స్ వస్తుందా?" "తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిపించుకున్నాను, ఏమైనా అవుతుందా?" "ఆ జబ్బున్న మనిషిని చూస్తే తెలుస్తుందా?" మరికొన్ని చీటీలున్నాయి. అవి ఇక్కడ రాయను, రాసిన బిడ్డ ఎవరో తెలిసిపోవచ్చు.

ఇన్నేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. ఈ ప్రశ్నల్లో ఒక్కటీ ఎవరూ నన్ను అడగలేదు. పాఠం వింటారు, తల దించుకుంటారు, గంట కొట్టగానే వెళ్లిపోతారు. తమకంటే ఒక్క ఏడాది పెద్దవాళ్లనైతే అడుగుతారు. అందుకే పదో తరగతి నుంచి నలుగురు అమ్మాయిలకు, నలుగురు అబ్బాయిలకు ఆరోగ్య కేంద్రం సిబ్బందితో శిక్షణ ఇప్పించాం. 2014లో మొదలైన కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం ఊళ్లలో 'సాథియా' పేరుతో చేస్తున్నదీ ఇదే, తోటి పిల్లల చేతే చెప్పించడం.

దోమ ప్రశ్నకు మన అమ్మాయి ఒకతె ఇచ్చిన జవాబు విని నాకెంతో ముచ్చటేసింది. "దోమ మన రక్తం పీలుస్తుంది గానీ ఇంకొకరి రక్తం మనలోకి ఎక్కించదు, ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ వైరస్ దోమ కడుపులో బతకదు" అంది. పచ్చబొట్టు సంగతి వేరు. సూది మార్చకుండా ఒకరి తర్వాత ఒకరికి పొడిస్తే ప్రమాదమే. ఇక చూస్తే తెలుస్తుందా అంటే, తెలియదు. వైరస్ సోకినా ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండొచ్చు. రక్తపరీక్ష ఒక్కటే చెబుతుంది.

మొన్నటి సమావేశంలో ఒక తల్లి, "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు మేడమ్, లేనిపోని ఆలోచనలు రావా?" అన్నారు. అమ్మా, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఆలోచనలు మేం పెట్టినవి కావు, చీటీల్లో అప్పటికే ఉన్నాయి. మనం చెప్పకపోతే ఫోన్ చెబుతుంది, సగం తప్పు చెబుతుంది. పదో తరగతి వాళ్లకు ఆరోగ్య సిబ్బంది కండోమ్ గురించి కూడా చెబుతారు, అమ్మాయిలకు, అబ్బాయిలకు విడివిడిగా. ఇది మీకు తెలియకుండా జరగకూడదనే ముందే రాస్తున్నాను.

నన్ను ఇన్నాళ్లూ వదలని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో, తండ్రి ఎయిడ్స్‌తో చనిపోయాడని తెలిసి ఒక పిల్లాడి పక్కన కూర్చోవడం మిగతావాళ్లు మానేశారు. మధ్యాహ్న భోజనంలో వాడి కంచం వేరుగా పెట్టారు. కొన్నాళ్లకు వాడు బడికి రావడం మానేశాడు. నేను గట్టిగా నిలబడి ఉండాల్సింది, నిలబడలేదు. కలిసి తింటే, తాకితే, ఒకే బెంచీ మీద కూర్చుంటే హెచ్‌ఐవీ సోకదని నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు.

ఇవాళ చట్టం కూడా ఆ పిల్లాడి పక్షాన ఉంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఈ కారణంతో ఎవరికీ చదువు నిరాకరించకూడదు, ఒకరి ఆరోగ్య స్థితిని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. 2004 నుంచి ప్రభుత్వం ఈ వైరస్‌ను అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. అవి క్రమం తప్పకుండా వాడి, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే ఉంటే, లైంగికంగా మరొకరికి సోకదు. గర్భిణికి వేళకు పరీక్ష, మందులు అందితే బిడ్డకు సోకే అవకాశమూ బాగా తగ్గుతుంది. మన ఎనిమిదిమందీ ఈ మాట ప్రతి తరగతిలో చెబుతున్నారు.

డిసెంబరు 1న, ఎయిడ్స్ దినం నాడు, ప్రార్థన తర్వాత మిగిలిన చీటీలకు వాళ్లే జవాబులు చెబుతారు. మీరూ రండి, వెనక కుర్చీలు వేయిస్తాం. దీంతోపాటు పంపిన అంగీకార పత్రం మీద శుక్రవారం లోపు సంతకం చేసి పంపండి. సందేహముంటే నేరుగా నా గదికి రండి. నన్ను అడగడానికి మొహమాటంగా ఉంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు, పేరు చెప్పక్కర్లేదు.

ఈలోగా మీ అబ్బాయో అమ్మాయో ఇంట్లో ఏదైనా అడిగితే, తెలియకపోతే తెలియదనండి, పర్వాలేదు. అడిగినందుకు మాత్రం కసరకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు