వార్షిక నివేదిక 2024–25: మునిసిపల్ వృద్ధుల సంరక్షణాలయం అమ్మకం ప్రతిపాదన

గౌరవ సభ్యులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలోని మన పట్టణంలో మునిసిపాలిటీ నడుపుతున్న వృద్ధుల సంరక్షణాలయాన్ని, అది ఉన్న స్థలంతో సహా, ప్రైవేటు సంస్థకు అమ్మే విషయం పరిశీలించాలన్న అంశం ఈ ఏడాది కౌన్సిల్ అజెండాలోకి వచ్చింది. మన సంక్షేమ సంఘం ఏటా జరిపే కంటి పరీక్షల శిబిరం, మొక్కల పంపిణీ యథావిధిగా జరిగాయి. వాటి వివరాలు జమాఖర్చుల పట్టికలో ఉన్నందున, ఈ నివేదికను పూర్తిగా సంరక్షణాలయం విషయానికే కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది.

ముందుగా పేరు గురించి ఒక మాట చెప్పాలి. మన వైపు నర్సింగ్ హోమ్ అంటే డాక్టరు గారు సొంతంగా పెట్టుకున్న చిన్న ఆసుపత్రి అని అర్థం. ఇది అది కాదు. వృద్ధాశ్రమం అనడానికీ వీల్లేదు. లేచి తిరగగలిగినవాళ్ళకు ఏదో ఒక ఆశ్రమంలో చోటు దొరుకుతుంది గానీ, మంచం దిగలేనివాళ్ళను, పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్ళను, కన్నబిడ్డనే గుర్తుపట్టలేని స్థితికి వచ్చినవాళ్ళను డబ్బు అడగకుండా చేర్చుకునేది మన పట్టణంలో ఇదొక్కటే. ఊరంతా దీన్ని ముసలోళ్ళ ఆస్పత్రి అనే పిలుస్తుంది. పెద్దాసుపత్రిలో చికిత్స ముగిశాక ఇంటికి తీసుకువెళ్ళమంటారు. ఆ ఇల్లు తాళం వేసి ఉంటే ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్నకు మన పట్టణం చెప్పగలిగిన జవాబు ఈ భవనం. పిల్లలు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో పనులకు వలసపోయి, పెద్దవాళ్ళు ఒంటరిగా మిగిలిన ఇళ్ళు మన జిల్లాలో ఏ ఊరు వెళ్ళినా కనిపిస్తాయి. అలా వెళ్ళిన పిల్లలందరూ నిర్దయులని ఈ సంఘం ఎన్నడూ అనలేదు. రోజు కూలి మీద బతికేవాడు తల్లి మంచం పక్కన నెలల తరబడి కూర్చోలేడు.

అజెండా విషయం తెలిసిన నాటి నుంచి మన సభ్యులు ఇద్దరిద్దరు చొప్పున ప్రతి ఆదివారం అక్కడికి వెళ్ళారు, కొన్ని రాత్రులు కూడా ఉన్నారు. లోపల ఏముందో తెలియకుండా బయట మాట్లాడకూడదన్నదే మా ఉద్దేశం. మగవారి గదిలో ఒక మంచం తలాపున చిన్న పలక వేలాడుతూ ఉంటుంది. రెండు గంటలకొకసారి ఆయా వచ్చి ఆ మంచంలోని తాతగారిని ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పి, పలక మీద సుద్దముక్కతో కుడి అనో, ఎడమ అనో, వెల్లకిలా అనో రాసి, పక్కన సమయం వేస్తుంది. తిప్పే ముందు దుప్పటి ముడతలు అరచేత్తో సరిచేస్తుంది, మడమల కింద పాత చీర మడతపెట్టి ఉంచుతుంది. ఆ తాతగారు రెండేళ్ళకు పైగా మంచంలోనే ఉన్నా, వీపు మీద పడక పుండు ఒక్కటి కూడా లేదు. ఉదయం ఆయనకు పట్టే చోడి అంబలి స్పూనుతో ఇవ్వడానికి సుమారు ముప్పావు గంట పడుతుంది. తొందరపడితే పొరబోతుందని ఆయా మాకు చెప్పింది. ఆమెది పొరుగు సేవల ఉద్యోగం, జీతం కొన్ని నెలలు ఆలస్యంగా వస్తుంది. భవనం ధర కట్టేటప్పుడు ఈ పని విలువను ఎవరు లెక్కలోకి తీసుకుంటారన్నది సంఘం మొదటి ప్రశ్న.

అయితే అక్కడ అంతా బాగుందని సభ్యులకు చెప్పడం సత్యం కాదు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపానుకు ఎగిరిపోయిన వెనుక వరండా రేకులు ఇప్పటికీ పూర్తిగా వేయలేదు. ఆడవారి వైపు మరుగుదొడ్డికి పట్టుకుని లేవడానికి గోడకు కమ్మీ లేదు. రాత్రి పూట రెండు గదులకూ కలిపి ఒక్క ఆయాయే ఉంటుంది. మునిసిపాలిటీ చెబుతున్న ఇబ్బందులు కూడా కల్పితాలు కావు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి చిన్న పట్టణాలకు ఇచ్చే నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతాన్ని జీతాలకూ కార్యాలయ నిర్వహణకూ ఖర్చు పెట్టకూడదు. అంటే ఆయాల జీతం, గుడ్డలు ఉతికే మనిషి జీతం, రాత్రి కాపలా ఖర్చు అన్నీ ఆస్తి పన్ను మీదనే పడతాయి. ఈ లెక్క చెప్పిన అధికారులను మేము తప్పు పట్టలేదు. లెక్క సరైనదే అయినా, దానికి అమ్మకం ఒక్కటే దారి అన్న ముగింపు సరైనది కాదని మాత్రం లిఖితపూర్వకంగా తెలియజేశాం.

సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేయగా, చట్టం చెప్పిన 30 రోజుల గడువు దాటాక, అప్పీలు మీద, కౌన్సిల్ ముందు పెట్టిన నోటు నకలు మనకు చేరింది. అందులో స్థలం విస్తీర్ణం, రిజిస్ట్రేషన్ విలువ, నెలవారీ జీతాల మొత్తం, మరమ్మతుల అంచనా ఉన్నాయి. ఇప్పుడు మంచాల మీద ఉన్నవాళ్ళు ఏమవుతారన్న దాని మీద ఒక్క వాక్యం కూడా లేదు. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రకటించాలని అదే చట్టంలోని సెక్షన్ 4(1)(సి) చెబుతోంది. ఆ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ కమిషనర్ గారికి ఒక వినతిపత్రం, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మరొకటి ఇచ్చాం.

ఏడాది మొత్తం మీద మనకు బాగా అక్కరకు వచ్చిన పని గేటు పక్కన జరిగింది. పొరలు పొరలుగా సున్నం కొట్టిన ఒక రాతి పలకను మన సభ్యులు నీళ్ళతో తడిపి, కొబ్బరి పీచుతో రుద్ది శుభ్రం చేయగా, ఆ స్థలం దానంగా వచ్చిందని బయటపడింది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రుసుము కట్టి పాత సూచికలు వెతికించి దాన దస్తావేజు నకలు తీసుకున్నాం. నిరాధారులైన వృద్ధుల ఆశ్రయానికీ శుశ్రూషకూ వాడాలన్న షరతుతోనే దాత ఆ స్థలాన్ని రాసిచ్చారు. కుటుంబం వారి కోరిక మేరకు దాత పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు. మన సభ్యులైన న్యాయవాది గారు చెప్పినదేమంటే, ఫలానా పరిస్థితిలో దానం రద్దవుతుందన్న ఒప్పందం దస్తావేజులో లేదు కాబట్టి, ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 126 కింద వారసులు స్థలాన్ని తిరిగి తీసుకోవడం కష్టం. అయితే ప్రజల ధర్మకార్యానికి ఇచ్చిన ఆస్తిని వేరే పనికి మళ్ళిస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద, ఆసక్తి ఉన్న ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది కోర్టు అనుమతి తీసుకుని దావా వేయవచ్చు. ఇది అలాంటి ఆస్తి అవునో కాదో తేల్చాల్సింది కోర్టే. వ్యాజ్యం దాకా వెళ్ళకుండానే ఈ విషయం పరిష్కారం కావాలన్నది కార్యవర్గం అభిప్రాయం.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 ఉండగా భయమెందుకని కొందరు సభ్యులు అడిగారు. ఆ చట్టంలోని సెక్షన్ 19 ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం గురించి చెబుతుంది గానీ, రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు అని మాత్రమే అంటుంది, చేసి తీరాలి అనదు. ఆ ఒక్క మాట దగ్గరే మన ధైర్యం సడలుతోంది. ఉన్నదాన్ని అమ్మేస్తే, దాని స్థానంలో మరొకటి కట్టమని నిలదీసి అడిగే ఆధారం మన చేతిలో ఉండదు.

కొనే సంస్థ అందరినీ ఉంచుకుంటుందన్న హామీ గురించి కూడా ఆలోచించాం. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, పక్షవాతం వంటి వాటితో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. వైద్య ధ్రువపత్రం లేనందువల్ల మంచం పట్టినవారిలో కూడా కొందరు 4,000 దగ్గరే ఉండిపోయారు. రాబడి చూసుకునే సంస్థకు ఇలా మంచం పట్టి 4,000 మాత్రమే అందుకునే మనిషి భారంగా కనిపిస్తాడని చెప్పడానికి ఎవరి మీదా అనుమానం పెట్టుకోనవసరం లేదు. ఈ ఏడాది అలాంటివారిని ఆటోలో కూర్చోబెట్టి, కొందరిని స్ట్రెచర్ మీద, వైద్య పరీక్షకు తీసుకువెళ్ళే పని మన యువ సభ్యులు చేశారు.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో నర్సుగా పనిచేస్తున్న మన సభ్యుల అమ్మాయి ఒక సాయంత్రం ఫోనులో కార్యవర్గంతో మాట్లాడింది. అక్కడ కౌంటీలు, అంటే మన జిల్లాల వంటివి, సొంతంగా వృద్ధుల నర్సింగ్ హోములు నడుపుతాయి. పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ ఇచ్చే మొత్తం ఖర్చుకు చాలక, లోటును ఆస్తి పన్నుతో పూడ్చలేక, అనేక కౌంటీలు వాటిని అమ్మేశాయి. అమ్మాక ఏ షరతు నిలుస్తుందన్నది అమ్మకపు ఒప్పందంలో ఏమి రాసుకున్నారన్న దాని మీదే ఆధారపడుతుందని ఆమె చెప్పింది. దేశం వేరైనా లోటు మాత్రం ఒకే చోట వస్తోందని మాకు అర్థమైంది.

ఈ పరిశీలన తర్వాత సంఘం తన వైఖరిని ఇలా తీర్మానించింది. నిర్వహణను సమర్థమైన సేవాసంస్థకు, నిర్ణీత కాలానికి, పడకల సంఖ్య తగ్గించకూడదన్న షరతుతో అప్పగించడానికి మనకు అభ్యంతరం లేదు. ఒప్పందం వికటిస్తే గడువు తీరాక వెనక్కి తీసుకోవచ్చు. స్థలం అమ్మకానికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సమ్మతించం. ఈ తీర్మానంపై ముగ్గురు సభ్యులు విభేదించారు. పన్ను భారం గురించి వారు చెప్పిన మాటలను మినిట్స్ పుస్తకంలో యథాతథంగా నమోదు చేశాం, సభ్యులందరూ వాటిని చదవాలని కోరుతున్నాను. ప్రస్తుతానికి కౌన్సిల్ ఆ అంశాన్ని వాయిదా వేసింది, ఉపసంహరించలేదు.

వానలు పడేలోగా వెనుక వరండాకు రేకులు వేయడానికి మునిసిపాలిటీ అనుమతి ఇచ్చింది, రేకులు మన విరాళాలతో కొన్నాం. వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు పని మొదలవుతుంది. పాత రేకులు దించే ముందు వరండా పక్క గదిలోని మంచాలను మనుషులతో సహా ఎత్తి తూర్పు గదిలోకి మార్చాలి కనుక, ఒక్కో మంచానికి నలుగురు చొప్పున సభ్యులు ఆరున్నరకే రావలసిందిగా మనవి. పలక ఉన్న మంచాన్ని తాతగారిని తిప్పిన వెంటనే కదపాలని ఆయా చెప్పింది, కాబట్టి ముందు దానితోనే ఆరంభిద్దాం.

ఇట్లు,
కార్యదర్శి