స్కిట్ రాసినోడికి ఒక కాగితం ఇప్పించండి: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి అనంతపురం నుంచి నమస్కారాలు.

నేను టీవీ కామెడీ షోలకు స్కిట్లు రాసి బతికేవాణ్ణి. మీ శాఖ కింద ఉన్న అభివృద్ధి సంస్థ పేరులో చలనచిత్రం, టెలివిజన్, నాటక రంగం మూడూ ఉన్నాయి. సినిమావాళ్ల గోడు రోజూ పేపర్లో వస్తుంది, నాటకాలకు నంది పోటీలున్నాయి. మధ్యలో టెలివిజన్ మాట ఎత్తేవాళ్లే లేరు.

మా పని సంగతి వినండి. "అన్నా, పెళ్లిచూపుల కాన్సెప్ట్, పొద్దునకల్లా కావాల" అని రాత్రి టీమ్ లీడర్ ఫోన్ చేస్తాడు. తెల్లారేలోగా రాసి వాట్సాప్‌లో పంపుతాం. డబ్బు ఆయన జేబులోంచే రావాలి, ఆయనకు వచ్చినప్పుడు. ఒప్పందం ఉండదు. టైటిల్స్‌లో పేరు పడితే అదృష్టం. ఆ స్కిట్‌నే ముక్కలు చేసి యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి తిప్పుతారు, మాకు రూపాయి రాదు.

ఒకసారి ఇద్దరు రైతుల మాటలు రాశాను. "ఏమప్పా, వాన వచ్చేట్టుందా?" "వస్తాది లేప్పా, బళ్లారికి." షూటింగ్‌లో ఆ రెండో మాట ఎగిరిపోయి, సుమో వచ్చింది, బాంబు పేలింది. సీమ యాస వినబడితే బాంబు పేలాల్సిందేనని వాళ్ల లెక్క. హాస్యనటుడు పద్మనాభం పుట్టింది కడప జిల్లా సింహాద్రిపురంలోనని వాళ్లకెవరు చెప్పాలి? ఇదేంటని అడుగుదామంటే చేతిలో కాగితం లేదు.

చట్టం మా పక్కనే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం సంతకం చేసిన కాగితం లేనిదే హక్కులు చేతులు మారవు. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. సినిమా హాల్లో కాక వేరే ఎక్కడ వాడుకున్నా రాయల్టీలో రచయితకు వాటా ఉండాలి, వద్దని రాసిచ్చినా అది చెల్లదు. కానీ వచ్చే వారం స్కిట్ పోగొట్టుకొని కోర్టుకెక్కే రైటర్ ఎవడు సార్?

చట్టం కేంద్రానిదని తెలుసు, కొత్తది చేయమని అడగడం లేదు. మీ సంస్థతో తెలుగులో రెండు పేజీల నమూనా ఒప్పందం రాయించండి. పారితోషికం, చెల్లించే గడువు, టైటిల్స్‌లో పేరు, యూట్యూబ్ వాటా అందులో ఉండాలి. ప్రభుత్వ ప్రకటనలు తీసుకునే ఛానెళ్లు ఆ ఒప్పందం మీదే రాయించుకోవాలని షరతు పెట్టండి. ప్రకటనల బిల్లు ఆగుతుందంటే మా కాగితం మీద సంతకం అదే పడుతుంది.

ఇట్లు,
ఒక స్కిట్ రైటర్,
అనంతపురం